ఒకరి కలుపు, మరొకరి కూర

మా ఓ.పి.లో మందుల చీటీ రాసి ఇచ్చేటప్పుడు దాదాపు ప్రతివారికీ మేము చెప్పే మాట ఒకటుంది: "ఆకుకూరలు ఎక్కువగా తినండి." విన్నవారు సరేనంటారు. ఏ ఆకుకూరలు తింటారని అడిగితే మాత్రం పాలకూర, తోటకూర, గోంగూర, మెంతికూర దగ్గర లెక్క ఆగిపోతుంది. తోడుగా వచ్చిన ముసలమ్మను అడిగి చూడండి. పొన్నగంటి, గంగవాయిలి, చెంచలి, తుమ్మి, గునుగు, దొగ్గలి అంటూ వేళ్ళు మడుస్తూ పోతుంది. "ఇప్పుడెక్కడివి బాబూ" అని కూడా అంటుంది. నిజమే. అవి బజారులోకి రావు. పొలంలో వాటి పేరు కలుపు, గడ్డిమందు కొట్టిన రోజున పోతాయి.

ఈ సంచికలో ఉమ్మడి తోటల గురించి రాయడానికి అది ఒక కారణం. రెండవ కారణం మన కుటుంబాలకే సంబంధించినది. మన సంఘాలలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. మనవళ్ళను చూసుకోవడానికి తల్లిదండ్రులు వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వస్తున్నారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళిపోతే, కారు నడపడం రాని పెద్దవారికి నాలుగు గోడలే లోకం. నడక తగ్గుతుంది, మాట తగ్గుతుంది. కొందరికి తిరిగివచ్చేసరికి షుగరు పెరిగి ఉంటుంది. ఆ దేశంలో చాలా ఊళ్ళలో ఇంటికి దగ్గరలోనే ఒక తోట ఉండవచ్చునని, అక్కడ వారికి చిన్ననాటినుండి తెలిసిన పనే జరుగుతూ ఉంటుందని చాలామందికి తెలియదు.

ఉమ్మడి తోట అంటే ఏమిటి?

ఊరి మధ్యనున్న ఖాళీ స్థలాన్ని చిన్న చిన్న మళ్ళుగా విభజించి, ఇంటి దగ్గర నేల లేనివారికి తలా ఒక మడి ఇస్తారు. నీళ్ళ కుళాయి, పనిముట్ల గది, ఎరువు దిబ్బ అందరికీ ఉమ్మడి. మడిలో ఏమి వేసుకోవాలన్నది మడి పట్టినవారి ఇష్టం. స్థలం నగరపాలక సంస్థది కావచ్చు, పాఠశాలది కావచ్చు, చర్చిది కావచ్చు.

అమెరికా పడమటి తీరంలోని సియాటిల్ నగరం దీనికి పేరుపడింది. ఇటలీనుండి వచ్చి స్థిరపడిన పికార్డో కుటుంబం అక్కడ కూరగాయలు పండించేది. 1973లో ఆ భూమిలోనే నగరవాసుల తోటపని మొదలైంది. ఆ ఇంటిపేరు మొదటి అక్షరాన్ని పట్టుకొని ఇప్పటికీ నగరంలోని ఇటువంటి తోటలను 'పి-పాచ్' అంటారు. ఇవి ఇప్పుడు దాదాపు 90 ఉన్నాయి. మడి సాధారణంగా 100 నుండి 400 చదరపు అడుగులు. 100 అడుగులంటే మన ఇళ్ళలో ఒక చిన్న గదంత. రసాయన పురుగుమందులు వాడకూడదు. దారులు బాగుచేయడం, ఎరువు తిరగవేయడం వంటి ఉమ్మడి పనికి ప్రతి ఇంటివారూ ఏటా కొన్ని గంటలు ఇవ్వాలి. కొన్ని పేటలలో మడి దొరకడానికి ఏళ్ళ తరబడి వరుసలో ఉండవలసి వస్తుంది. అంత గిరాకీ!

అదే నగరంలో చైనా, జపాను, ఫిలిప్పీన్సువారు తరతరాలుగా ఉంటున్న పేటలో 1975లో మరో తోట వెలిసింది. ఏటవాలు కొండచరియను మెట్లు మెట్లుగా మలచి మళ్ళు కట్టారు. స్థలమిచ్చిన వ్యాపారి పేరున దానిని డానీ వూ తోట అంటారు. అక్కడ మళ్ళు పట్టినవారిలో ఎక్కువమంది ఆసియా దేశాలనుండి వచ్చిన, రాబడి తక్కువగల వృద్ధులు. 1995నుండి నగరంలోని ప్రభుత్వ గృహ సముదాయాలలోనూ ఇటువంటి తోటలు వేశారు. ఆగ్నేయాసియా, తూర్పు ఆఫ్రికా దేశాలనుండి యుద్ధాలవల్ల ఇల్లూ వాకిలీ వదలి వచ్చిన కుటుంబాలకు అవి ఆధారమయ్యాయి. ఇంగ్లీషు రానివారికి కూడా అక్కడ పని ఆగదు. నారు చూపించి వేళ్ళతో లెక్క చెబితే పక్క మడివారికి అర్థమవుతుంది.

ఎవరి సేద్యం వారిది

ఇటువంటి తోటలో కంచె దగ్గర నిలబడి చూస్తే చాలు, ఏ మడి ఏ దేశంవారిదో కొంతవరకు పోల్చుకోవచ్చు.

ఒక మడిలో దారం పట్టి గీసినట్లు వరుసలుంటాయి. ప్రతి వరుస చివర పేరు రాసిన పుల్ల గుచ్చి ఉంటుంది. విత్తనాల పొట్లం మీద ఎంత దూరమని రాసి ఉంటే అంత దూరం. ఇది ఎక్కువగా ఆ దేశంలో పుట్టి పెరిగిన తెల్లవారి పద్ధతి. పక్క మడిలో ఆవాల ఆకు, కొత్తిమీర చల్లినట్లుగా ఒత్తుగా మొలిచి ఉంటాయి, వరుస అనేదే కనిపించదు. మొదటివారికి అది అజాగ్రత్తగా తోస్తుంది. కాని మనవాళ్ళు మెంతులు, ధనియాలు చల్లేది అలాగే కదా! లేత ఆకుకు వేసిన మడి ఒత్తుగా ఉంటేనే మేలు. కలుపుకు చోటుండదు, ఎండకు నేల త్వరగా ఆరదు, ఒత్తు తీసినదంతా కూరకు పనికివస్తుంది.

వియత్నాం, చైనా, ఫిలిప్పీన్సువారి మడి పైకి పెరుగుతుంది. కర్రలు పాతి, పురికొస అల్లి, కాకర, సొర, నేతిబీర, పొడవు బొబ్బర్లు పాకిస్తారు. పందిరి కింద నీడలో మళ్ళీ ఆకుకూర. సియాటిల్‌లో వేసవి చల్లగా ఉంటుంది గనుక కాకర అక్కడ కష్టం మీద కాస్తుంది. వేడిగల దక్షిణాది రాష్ట్రాలలోనైతే పందిళ్ళు విరగకాస్తాయి. ఇథియోపియావారి మడిలో కాలర్డ్ అనే ఆకు నిలువుగా నిలబడి ఉంటుంది. అది క్యాబేజీ జాతిదేగాని గడ్డ కట్టదు. కింది ఆకులు తెంపుకుంటూ పోతే పైన కొత్త ఆకు వస్తూనే ఉంటుంది. ఒక్కసారి నాటి నెలల తరబడి వండుకుంటారు.

మెక్సికో, గ్వాటెమాలావారు, అమెరికా ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట వేస్తారు. ఆదివాసులు వీటిని ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు. చిక్కుడు తీగకు మొక్కజొన్న కాడ ఆసరా. చిక్కుడు వేళ్ళ మీది బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి, ఆ బలం నేలకూ మిగులుతుంది. గుమ్మడి ఆకు నేలంతా పరచుకొని తేమ పోనివ్వదు, కలుపు లేవనివ్వదు. జొన్నలో కంది వేసే మన రైతుకు ఇది వింతగా ఉండదు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు ఒకే చెలకలో జొన్న, కంది, అనుము, పెసర వంటివి ఎన్నో కలిపి విత్తుతారు. వారిలో ఎక్కువమంది దళిత మహిళలు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారికి ఈక్వేటర్ బహుమతినిచ్చింది. ఒక పంట ఎండినా మరొకటి నోటికి అందాలన్నదే అక్కడా ఇక్కడా ఆలోచన.

ఇంకొక రకం మడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెక్కలతోనో ఇటుకలతోనో నడుము ఎత్తున పెట్టెలా కట్టి మట్టి నింపుతారు. చక్రాల కుర్చీలో ఉన్నవారు, మోకాళ్ళు వంగనివారు కూర్చునే పని చేసుకోవచ్చు. కీళ్ళనొప్పులవారికి, పక్షవాతం నుండి కోలుకుంటున్నవారికి మేము సలహా చెప్పేది ఈ పద్ధతినే.

కలుపు ఎవరికి? కూర ఎవరికి?

ఇన్ని రకాల మనుషులు ఒకచోట చేరినప్పుడు తగాదాలు రాకుండా ఉండవు. నీ పందిరి నీడ నా టమాటాల మీద పడుతోందని ఒకరు, నీ మడిలో కలుపు గింజలు నా మడిలోకి వస్తున్నాయని మరొకరు. ఈ కలుపు మాటే విచిత్రమైనది. ఆ తోటలలో వేసవిలో నేలకు అంటుకొని పాకే ఎర్రకాడల మొక్కను చాలామంది అమెరికావారు పీకి పారేస్తారు. అది మన గంగవాయిలి. మెక్సికోవారికి అది 'వెర్దొలాగాస్', మాంసంతో కలిపి వండుకుంటారు. టర్కీవారు పెరుగులో కలుపుకొని తింటారు. తోటకూర జాతి మొక్కలు కూడా చాలావరకు అక్కడ కలుపు కింద లెక్కే. జమైకావారికి మాత్రం తోటకూరే 'కలలూ', ఉదయపు ఫలహారంలోకి కావాలి. బచ్చలిని బెంగాలీలు 'పుయి శాక్' అంటారు, ఫిలిప్పీన్సువారు 'అలుగ్బాటి' అంటారు. పేర్లు వేరైనా తీగ ఒకటే.

మన గోంగూర సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. బర్మానుండి శరణార్థులుగా అమెరికా చేరిన కరెన్ ప్రజలు ఎక్కడ చారెడు నేల దొరికినా వేసే ఆకు 'చిన్ బౌంగ్'. అది పుల్ల గోంగూరే. వేయించి, రొయ్యలతో కలిపి, పులుసు పెట్టి తింటారు. కరెన్‌లలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు. 19వ శతాబ్దంలో వారి మధ్యనూ, మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలోనూ పనిచేసినది ఒకే అమెరికా బాప్టిస్టు మిషను. టెనెసీ రాష్ట్రంలో స్మిర్నా అనే ఊళ్ళో, అప్పుల్లో ఉన్న ఒక చిన్న ఆంగ్లికన్ సంఘంలో కరెన్ కుటుంబాలు చేరి, చర్చి భూమిలో తమ దేశపు కూరలు పండించి సంఘాన్ని నిలబెట్టాయి. 2017లో దీని మీద 'ఆల్ సెయింట్స్' అనే సినిమా కూడా వచ్చింది.

గంగవాయిలిని కూరగా చూడడం ఎవరో ఒకరికి తెలిసి ఉంటేనే అది మడిలో మిగులుతుంది. ఒకే అలవాటువారంతా చేరిన తోటలో పది మళ్ళలో పదీ టమాటాలే ఉంటాయి. పది దేశాలవారుంటే పీకి పారేసే మొక్కను "నాకివ్వండి" అని అడిగేవారు ఒకరుంటారు. అడిగినవారు ఎలా వండాలో కూడా చెబుతారు. ఆ విధంగా ఒక ఇంట్లో మరచిపోయిన ఆకు మరొక ఇంటి కంచంలో బ్రతుకుతుంది.

ఆరోగ్యానికి ఎంత మేలు?

తోటపని మంచిదని అందరూ అంటారు. నిజంగా ఎంత మంచిదో కొలిచి చూసినవారు తక్కువ. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ ప్రాంతంలో 37 ఉమ్మడి తోటలలో ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2023లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చాయి. అంతకుముందు రెండేళ్ళుగా తోటపని చేయని 291 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు వెంటనే మడి, విత్తనాలు, నారు ఇచ్చి కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. రెండవ జట్టును మరుసటి సంవత్సరం వరకు ఆగమన్నారు. మడి దొరికినవారు ఆగినవారికంటె రోజుకు సుమారు 1.4 గ్రాముల పీచు పదార్థం ఎక్కువ తిన్నారు. శరీరశ్రమ వారానికి 40 నిమిషాలకు పైగా పెరిగింది. మానసిక ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది అద్భుతమేమీ కాదు, కాని మందు బిళ్ళ లేకుండా వచ్చిన లాభం. పీచు పదార్థం మలబద్ధకానికి, షుగరు అదుపుకు, గుండె రక్షణకు అవసరమైనది.

మన దగ్గర సమస్య ఇంకొకటి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. నూటికి అరవై మందని అనుకోవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది, అందులో 100 గ్రాములు ఆకుకూరలు కావాలంటుంది. రోజూ అదే పాలకూర 100 గ్రాములు తినడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఈరోజు పొన్నగంటి, రేపు మునగాకు, ఎల్లుండి బచ్చలి అయితే తినవచ్చు. ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క పోషకం ఎక్కువ. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం గాని, ఉసిరి గాని, జామకాయ గాని తోడుండాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు, గంటైనా ఆగండి. ముదురాకుపచ్చ ఆకులోని విటమిన్ 'ఎ'కు కొద్దిగా నూనె కావాలి. ఇప్పటికే రక్తం బాగా తగ్గినవారు ఆకుకూరను నమ్ముకొని ఇనుము మాత్రలు మానవద్దు. ఆకుకూర మాత్రకు తోడే.

నేల కూడా పరీక్ష చేయించుకోవాలి

అమెరికా నగరాలలో తోటకు స్థలం దొరకగానే మొదట చేసేది మట్టి పరీక్ష. పాత ఇళ్ళ గోడలకు వేసిన రంగులలో, పాతకాలపు పెట్రోలులో సీసం ఉండేది. ఇళ్ళ రంగులలో సీసాన్ని 1978లో నిషేధించినా, రాలిన రంగు నేలలోనే ఉండిపోయింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే చాలాచోట్ల బయటినుండి మంచి మట్టి తెచ్చి ఎత్తు మళ్ళలో నింపుతారు. మన ఊళ్ళలో బ్యాటరీలు విప్పే షెడ్డు పక్కన, మెకానిక్ షాపు వెనుక, చెత్త కాల్చిన చోట కూరలు వేయవద్దు. మురుగునీటితో పెంచిన ఆకు ఎంత పచ్చగా ఉన్నా మంచిది కాదు. హైదరాబాదు దిగువన మూసీ నీటితో ఆకుకూరలు పండించడం మనందరికీ తెలిసినదే. ఎక్కడి ఆకైనా ధారగా పడే నీటిలో రెండు మూడు సార్లు కడిగి వండండి.

మన చర్చి ఆవరణలలో, హాస్టళ్ళలో, పాఠశాలల వెనుక ఖాళీ స్థలాలు లేకపోలేదు. పది కుటుంబాలు కలిసి మళ్ళు వేసుకోవాలనుకుంటే మేము చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి. అందరినీ ఒకే కూర వేయమనకండి. కోస్తానుండి వచ్చినవారు, తెలంగాణవారు, రాయలసీమవారు, తండాలనుండి వచ్చినవారు ఒకే సంఘంలో ఉంటే అది ఆ తోటకు పెట్టుబడి. ఒక్కొక్కరు తమ ఊరి ఆకు ఒకటి తేవాలని నియమం పెట్టుకోండి. పొడుగు పందిళ్ళు ఉత్తరపు పక్కన వేయించండి, మన ప్రాంతంలో చాలా నెలలు నీడ ఆ వైపుకే పడుతుంది. ఎరువు, నీటి వంతులు మొదటిరోజే కాగితం మీద రాసుకోండి. ముసలివారికి కుళాయికి దగ్గరి మడి ఇవ్వండి.

నీళ్ళ డ్రమ్ములకు మూతలుండాలి, లేకపోతే డెంగ్యూ దోమను మనమే పెంచినవారమవుతాము. వట్టి కాళ్ళతో మడిలో దిగవద్దు. కొంకి పురుగులు పాదాల చర్మం గుండానే లోపలికి వెళ్ళి రక్తం తాగుతాయి, రక్తహీనతకు అదీ ఒక కారణమే. ధనుర్వాతం టీకా వేయించుకొని ఉండండి. షుగరు ఉన్నవారికి కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, కాబట్టి పని అయ్యాక పాదాలు వెలుతురులో చూసుకోండి. ఆకుల కుప్పలో చేయి పెట్టేముందు కర్రతో కదపండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వంటివి చేయక, కరిచిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కొందరు రోగులు ఆకుకూరల విషయంలో డాక్టరును అడిగి తినాలి. గుండె కవాటం మార్చినవారు వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి రక్తం పలచబరచే మాత్రలు వాడుతుంటే, ఆకుకూర ఒక వారం విపరీతంగా తిని మరొక వారం మానడం ప్రమాదం. రోజూ ఒకే మోతాదులో తినాలి. మూత్రపిండాలలో రాళ్ళు వచ్చినవారికి పాలకూర, తోటకూర, గోంగూర, గంగవాయిలి తగ్గించమంటాము, ఉడికించి ఆ నీరు పారబోస్తే కొంత మేలు. కిడ్నీలు దెబ్బతిన్నవారు ఏ ఆకు ఎంత తినాలో తప్పక అడిగి తెలుసుకోవాలి. కాకరరసం తాగుతున్నామని షుగరు మాత్రలు ఆపినవారు మా దగ్గరకు వస్తూనే ఉన్నారు. దయచేసి అలా చేయవద్దు.

చివరిగా, పిల్లల దగ్గరకు వెళ్ళేవారికి ఒక మాట. గోంగూర విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకొని వెళ్ళకండి. మొక్కల ఆరోగ్య ధృవపత్రం లేని విత్తనాలను అమెరికా విమానాశ్రయంలో తీసేసుకుంటారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా పడవచ్చు. అక్కడి బర్మా దుకాణంలోగాని, ఉమ్మడి తోటలో కరెన్ కుటుంబాలుంటే వారినిగాని 'చిన్ బౌంగ్' అని అడగండి. కట్టలోని ముదురు కాడలకు ఆకు దూసి, తడిమట్టిలో గుచ్చి నీడన ఉంచితే వేళ్ళు తొడుగుతాయి. చలి పూర్తిగా పోయాక, చాలా ఊళ్ళలో మే నెలలో, మడిలో నాటండి. మళ్ళీ మంచు పడేలోపు కోసుకోవాలి.